లాసాలో, సాగా దావా నెల

25 మే 2018

తల పగిలిపోతోంది. 3,650 మీటర్ల ఎత్తు. రాత్రంతా నిద్ర లేదు. గడియారంలో ఏడయితే సూర్యుడు అప్పుడే లేస్తున్నాడు. ఇక్కడ నడిచేది బీజింగ్ టైము.

కిటికీలోంచి పొటాలా. ఫొటోల్లో చూసిందేగా అనుకున్నా. కాదు. కొండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

గైడు అమ్మాయి మెల్లగా నడవమంది, నీళ్లు తాగమంది. ఇంకేం అడిగినా నవ్వుతుంది.

26 మే

పొటాలా లోపల గంటే ఉండనిస్తారు. ఒక్క చూరుకే చాలదు ఆ గంట. చూరు కింద ముదురెరుపు పట్టీ. రంగనుకున్నా. సన్నటి పుల్లలు! కట్టలు కట్టి, కోసిన మొనలు బయటికి పెట్టి పేర్చారు. గోడలకు ఏటా వేసే సున్నంలో పాలు, పంచదార కలుపుతారట. మన గచ్చులో బెల్లం, కరక్కాయ వేసినట్టు.

అయిదో దలైలామా 1645లో మొదలుపెట్టించాడు. 1682లో పోయాడు. ఎర్ర భవనం అప్పటికి లేవలేదు. మంత్రి సాంగ్యే గ్యాత్సో ఆ కబురు పదిహేనేళ్లు దాచాడు. ధ్యానంలో ఉన్నారు, అంతే.

రాళ్లు మోసినవాళ్లలో ఒక్కరికైనా అనుమానం రాలేదా? వచ్చీ మోశారా?

27 మే

జోఖాంగ్. మొన్న ఫిబ్రవరిలో మంటలు చూసిన గుడి. ముందు రాతి స్తంభాలు. 821-22 నాటి టిబెట్-చైనా ఒప్పందం ఒకదానిమీద. ఇంకోటి 1794 నాటిది, మశూచి వస్తే ఏం చేయాలో చెప్పిన శాసనం. దాన్నిండా గుంటలే. ఆ రాతిపొడే మందని జనం గీకి గీకి తీసుకుపోయారు.

సాయంత్రం బర్ఖోర్. గుడి చుట్టూ జనం, ఒకటే దిక్కుగా. జూనిపర్ పొగ. బ్రిటిష్ వాళ్ల సర్వే కోసం రహస్యంగా వచ్చిన నైన్‌సింగ్ గుర్తొచ్చాడు. 1866 జనవరిలో యాత్రికుడి వేషంలో లాసా చేరాడు. జపమాలలో 108కి బదులు వంద పూసలు. ప్రార్థనచక్రంలో మంత్రాల బదులు సర్వే కాగితాలు. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు, నిజంగా జపించేవాళ్ల మధ్య.

పూసలు తక్కువని ఎవరూ చూడలేదా? చూసి ఊరుకున్నారా...

28 మే

నార్బులింకా. అందులో 1956లో పూర్తయిన వేసవి భవనం. రేడియో, స్నానాల తొట్టి. గోడలనిండా టిబెట్ కథంతా బొమ్మలుగా. చివర్లో ఒక యువకుడు.

ఆ ముఖం నాకు తెలుసు. 2006 జనవరి, అమరావతి, కాలచక్ర దీక్ష. బుద్ధుడు కాలచక్రం బోధించింది అక్కడి ధాన్యకటకంలోనేనని వీళ్ల నమ్మకం. ఊరి చుట్టూ గుడారాలు, వేలమంది. దూరంగా వేదిక మీద ఆయన, నవ్వుతూ.

గైడు ఆ గోడ దగ్గర ఏమీ చెప్పలేదు. తలుపు మీది నగిషీ చూపించి ముందుకు కదిలింది. కోపం వచ్చింది నాకు. చెప్పొచ్చు కదా, ఒక్క మాట? 1959 మార్చి 17 రాత్రి ఆయన వెళ్లిపోయింది ఇక్కణ్ణుంచే.

బయటికి వచ్చాక చెట్ల మధ్య కెమెరా స్తంభం కనపడింది. దాని వెనక ఇంకోటి.

నేను మాత్రం, ఆయన్ని చూశానని అన్నానా? ఇందులో కూడా పేరు రాయడం లేదు.

29 మే, పూర్ణిమ

మనకి బుద్ధపూర్ణిమ నెల కిందటే అయిపోయింది. వీళ్లకి ఇవాళ, సాగా దావా పున్నమి. చీకటి ఉండగానే లింగ్‌ఖోర్ మీద జనం. పాత ఊరినీ పొటాలానీ కలిపి చుట్టే దారి, ఎనిమిది కిలోమీటర్లు. అరచేతులకి చెక్కలు, ముందు తోలు కట్టుకుని సాష్టాంగాలతోనే సాగుతున్నారు కొందరు. అడిగినవాళ్లందరికీ చిల్లర నోట్లు ఇస్తున్నారు. నావి అయిపోయాయి. గైడు తన కట్టలోంచి సగం తీసి నా చేతిలో పెట్టింది.

చక్‌పోరి కొండ. 1696 నాటి వైద్య విద్యాలయం ఉండేది పైన. 1959లో ఫిరంగులకు కూలింది. ఇప్పుడు టీవీ టవరు. కింద బండమీద చెక్కిన వందల బుద్ధుల దగ్గర ఊపిరి కోసం కూర్చున్నా.

అప్పుడు అడిగింది, నావైపు చూడకుండా. అమరావతి మీ ఊరికి ఎంత దూరం?

నేనెప్పుడు చెప్పాను ఈ పిల్లకి? గుంటూరు అన్నానంతే.

గంట, బస్సులో. స్తూపం? దిబ్బే మిగిలింది, పలకలు మద్రాసులో, లండన్‌లో. చుట్టూ తిరగనిస్తారా? తిరగనిస్తారు. ఎవరినైనా? ఎవరినైనా.

కృష్ణ ఎంత వెడల్పంది. చెప్పాను. గుంటూరులో రైలు దిగాక బస్సు ఎక్కడ ఎక్కాలో కూడా అడిగి తెలుసుకుంది.