గేమ్ పెట్టె కొందామా, కంప్యూటర్ కొందామా?

మీ ఇంట్లో పదిహేను, పదహారేళ్ళ పిల్లాడున్నాడా? అయితే ఈపాటికి "అమ్మా, ప్లేస్టేషన్ కొనవూ" అనో, "గేమింగ్ కంప్యూటర్ కొనిపెట్టవూ" అనో పాట మొదలయ్యే ఉంటుంది. ఆ రెంటికీ తేడా తెలియక మనం "మీ నాన్ననడుగు" అని తప్పించుకుంటాం. ఆయనేమో "మీ అమ్మనడుగు" అంటారు! వేలల్లో ఖర్చు కదండీ... ఇంటి లెక్కలు చూసేది మనమే కాబట్టి కాస్త తెలుసుకుంటే నష్టం లేదు.

మా ఇంట్లో ఈ గొడవ సరిగ్గా నేను చీటీ పాడుకున్న నెలలోనే వచ్చింది. చేతికి 60,000 వచ్చింది. అమ్మాయి బి.కాం. రెండో సంవత్సరం. ట్యాలీ, ఎక్సెల్ నేర్చుకోవడానికి స్నేహితురాలి ఇంటికి వెళ్ళొస్తోంది. అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం. వాడు గడుసుగా "గేమింగ్ కంప్యూటరే కొందామమ్మా! అక్క చదువుకీ పనికొస్తుంది, నా ఆటకీ పనికొస్తుంది" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. నాకు మాత్రం వెంటనే మన గ్రైండరూ, మిక్సీ గుర్తొచ్చాయి.

గ్రైండర్ చేసేది ఒక్కటే పని, పిండి రుబ్బడం. ఆ ఒక్కటీ చక్కగా చేస్తుంది. మిక్సీ అయితే చట్నీ చేస్తుంది, కారం కొడుతుంది, జ్యూసూ తీస్తుంది. కానీ కిలో మినప్పప్పు దాంట్లో రుబ్బమంటే వేడెక్కి మూలుగుతుంది. ప్లేస్టేషన్ లాంటి గేమ్ కన్సోల్ గ్రైండర్ లాంటిది, కంప్యూటర్ మిక్సీ లాంటిది. చదువుకీ, లెక్కలకీ మామూలు కంప్యూటర్ చాలు. పెద్ద ఆటలు ఆడాలంటే మాత్రం బొమ్మలు గబగబా కదలడానికి గ్రాఫిక్స్ కార్డు అని విడిగా ఒకటి కావాలి. ఖర్చంతా అక్కడే పెరుగుతుంది.

కన్సోల్‌తో ఆ చింత లేదు. అందరి ఇళ్ళలోనూ ఉండేది ఒకే రకం పెట్టె కనుక, ఆటలు తయారుచేసేవాళ్ళే దానికి సరిపోయేలా చేస్తారు. ప్లేస్టేషన్ 4 వచ్చింది 2013లో, 5 వచ్చింది 2020లో. మధ్యలో ఏడేళ్ళపాటు కొత్త ఆటలు ఆ 4లోనే ఆడుకున్నారు. కంప్యూటర్‌కైతే ప్రతి ఆటకీ కార్డు ఎలాంటిది కావాలి, మెమరీ ఎంత ఉండాలి అని ముందే చూసుకోవాలి.

ఇక డబ్బు సంగతి. 2021 ఫిబ్రవరిలో మన దేశంలో ప్లేస్టేషన్ 5 అమ్మకానికి పెట్టినప్పుడు డిస్క్ వేసుకునే రకం 49,990 రూపాయలు, డిస్క్ లేని రకం 39,990. పెట్టె ధరతో అయిపోదు సుమండీ! అప్పట్లో కొన్ని కొత్త ఆటలు ఒక్కొక్కటీ 4,999 రూపాయలు. కొన్న ఆటల్లో చాలావాటిని ఇంటర్నెట్‌లో నలుగురితో కలిసి ఆడాలంటే చందా వేరే కట్టాలి. కంప్యూటర్‌లో సాధారణంగా ఆ చందా ఉండదు, ఆటలు కూడా తరచూ తగ్గింపు ధరలకు దొరుకుతాయి. అయితే డిస్క్ ఆడేశాక అమ్ముకోవచ్చు, స్నేహితులతో మార్చుకోవచ్చు. కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న ఆటని అలా అమ్మడం కుదరదు. అందుకే కన్సోల్ కొంటే డిస్క్ ఉన్న రకమే నయమనిపించింది నాకు.

ఇవన్నీ ఒక ఎత్తు, నా మనసులో ఉన్న లెక్క ఇంకో ఎత్తు. మా పుట్టింట్లో తమ్ముడికి టీవీకి తగిలించే వీడియో గేమ్ ఉండేది. 1983లో జపాన్‌లో నింటెండో వాళ్ళు తెచ్చిన 'ఫ్యామిలీ కంప్యూటర్'కి నకలన్నమాట అది. క్యాసెట్ మీద వేలకొద్దీ ఆటలని రాసుండేది, తిరగేస్తే మళ్ళీ మళ్ళీ అవే మారియో, కాంట్రా! దాని అసలు పేరులో ఫ్యామిలీ ఉందేగానీ, మా ఫ్యామిలీలో రెండో జాయ్‌స్టిక్ నా చేతికి వచ్చిందే లేదు. "ఆడపిల్లకి ఎందుకే ఇవన్నీ" అనేది మా నాయనమ్మ.

అందుకే ఏది గొప్పదా అని కాదు, ఏది ఎవరి చేతిలో ఉంటుందా అని చూశాను. ఇద్దరికీ కలిపి ఒకే కంప్యూటర్ కొంటే ఆడేవాడు కుర్చీలోంచి లేవడు, చదువుకునే పిల్ల పక్కన నిలబడి "ఇంకెంతసేపురా" అంటూ ఉంటుంది. ఇంకో సంగతి... గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు చదువుతున్నాడో, ఆడుతున్నాడో వంటింట్లోంచి మనకేం తెలుస్తుంది? హాల్లో టీవీకి తగిలించిన పెట్టెకి ఆ దొంగాట లేదు.

చివరికి 38,000 పెట్టి అమ్మాయి పేరున మామూలు లాప్‌టాప్ కొన్నాం. 17,000కి ఎవరో వాడిన ప్లేస్టేషన్ 4 దొరికింది. కొత్తది కాదని అబ్బాయి రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు. మిగిలిన దాంట్లో పాత డిస్కులు రెండు వచ్చేసరికి దారికొచ్చాడు. రాత్రి గంటసేపు టీవీ వాడిది, ఆ తర్వాత నా సీరియల్. ఆదివారం అక్కాతమ్ముళ్ళిద్దరూ కార్ల పందెం ఆడతారు. అక్కే ఎక్కువసార్లు గెలుస్తోంది!

మీ ఇంటి లెక్క వేరుగా ఉండొచ్చు. ఒక్కడే పిల్లాడై, ప్రోగ్రామింగో, యానిమేషనో నేర్చుకుంటానంటే ఖర్చెక్కువైనా మంచి కంప్యూటరే మేలు. కన్సోల్ అయితే మీ టీవీకి హెచ్.డి.ఎం.ఐ. పోర్టు ఉందో లేదో ముందు చూసుకోండి. వాడినది కొంటుంటే డిస్క్ వేసి ఆడించి, ప్రతి బటనూ నొక్కి చూడండి. గాలి ఆడని అలమరలో పెట్టకండి, వేడెక్కుతుంది. రోజుకి ఎంతసేపు ఆడాలో, ఎంత ఖర్చుపెట్టొచ్చో నిర్ణయించే ఏర్పాటు ప్లేస్టేషన్‌లోనూ ఉంది, విండోస్ కంప్యూటర్లలోనూ ఉంది. మొదటి రోజే పెట్టించుకోండి. బ్యాంకు కార్డు నంబరు మాత్రం దాంట్లో దాచి ఉంచకండేం!