ఉయ్యాలా, తొట్టా, మంచం పక్కన క్రిబ్బా?



మన గ్రూపులో ఎక్కువగా నోటిఫికేషన్లు, పోడు పట్టాలు, హాస్టల్ సమస్యలే రాసుకుంటాం. ఈసారి మేం రాసేది పసిబిడ్డ పడుకునే చోటు గురించి. మన బ్యాచ్ వాళ్లకి ఇప్పుడిప్పుడే పెళ్లిళ్లయి పిల్లలు పుడుతున్నారు కాబట్టి ఇదీ మన విషయమే.

మేం నలుగురం ఆశ్రమ పాఠశాల నుంచి కలిసి చదువుకున్నవాళ్లం. మాలో ఒకామెకి మొన్న వానాకాలంలో ఆడపిల్ల పుట్టింది. బరువు 2 కిలోల 100 గ్రాములు. 2.5 కిలోల కన్నా తక్కువుంటే తక్కువ బరువు కిందే లెక్క. మిగతా ముగ్గురం డబ్బులేసుకుని పిల్లకి ఏదైనా పనికొచ్చేది కొందామనుకున్నాం. ఫోన్లో చూస్తే మంచం పక్కన పెట్టుకునే క్రిబ్బులు కనబడ్డాయి. ఒక పక్క గోడ కిందికి దిగుతుంది, దాన్ని తల్లి మంచానికి బెల్టుతో బిగిస్తారు. రాత్రి లేవకుండానే బిడ్డని తీసుకుని పాలివ్వొచ్చు. ఆలోచన బాగుంది. ధర ఏడెనిమిది వేలు.

కొనే ముందు ఆ ఇల్లు ఎలా ఉంటుందో గుర్తు చేసుకున్నాం. ఒకటే గది. మట్టి నేల, అది కూడా ఒక పక్కకి వాలు. ఉన్న ఒక్క నులక మంచం మధ్యలో గుంట పడి ఉంటుంది. బాలింత పడుకునేది నేల మీద చాప వేసుకునే. మరి క్రిబ్బుని దేనికి బిగించాలి? నులక మంచానికి కట్టినా రెండింటి ఎత్తూ కలవదు, మధ్యలో సందు మిగులుతుంది. బిడ్డ ఆ సందులోకి జారితే ఊపిరాడదు. అంటే ఆ వస్తువు చెడ్డదని కాదు, పరుపు మంచం ఉన్న ఇంటి కోసం చేసిందది.

అవ్వ మాత్రం ముందే తేల్చేసింది. "పెట్టెలెందుకమ్మా, చీర ఉయ్యాల ఉంది, లేదంటే నా పక్కన పడుకుంటాది" అంది. మనమంతా అట్లా పెరిగినవాళ్లమే. అందుకే అవ్వ మాటని కొట్టిపారేయలేదు. పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సు అక్కని అడిగాం. అక్క చెప్పింది, మేం చదివింది కలిపి రాస్తున్నాం.

చీర ఉయ్యాలలో బిడ్డ వంగిపోయి పడుకుంటుంది. నెలల బిడ్డకి మెడ నిలబడదు. గడ్డం గుండెకి ఆనుకుంటే గాలి దారి మూసుకుపోతుంది, తక్కువ బరువు పిల్లలకి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. బిడ్డ ఏడవను కూడా ఏడవదు. అందుకే మెలకువగా ఉన్న మనిషి ఎదురుగా ఉన్నప్పుడు కాసేపు ఊపొచ్చు గానీ, రాత్రంతా అందులో వదలకూడదు. కొన్న వస్తువుల్లోనూ ఇదే ఇబ్బంది ఉంది. 10 డిగ్రీల కన్నా ఎక్కువ వాలుగా ఉండే పసిపిల్లల పడకలనీ, క్రిబ్బు చుట్టూ కట్టే మెత్తల్నీ అమెరికాలో 2022లో చట్టం చేసి ఆపేశారు. బొమ్మలో ముద్దుగా ఉందని అలాంటివి కొనకండి.

పక్కన పడుకోబెట్టుకోవడం సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో జీలుగు కల్లో సారానో తాగిన మనిషి, చుట్ట కాల్చే మనిషి బిడ్డ పక్కన పడుకోవడం ప్రమాదం. బిడ్డ మీద చెయ్యి పడ్డా వాళ్లకి తెలియదు. ఈ మాట పెద్దవాళ్లకి చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి. అలాగే చలికని మంచం కింద నిప్పుల కుంపటి పెట్టే అలవాటు. ఆ పొగ బిడ్డకి పడదు, నిప్పు భయం వేరే.

అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేది ఏమిటంటే, కనీసం మొదటి 6 నెలలు బిడ్డ తల్లి ఉన్న గదిలోనే పడుకోవాలి, కానీ పడక వేరేగా ఉండాలి. ఆ పడక చదునుగా, గట్టిగా ఉండాలి. దిండు, బొమ్మలు, వదులు దుప్పట్లు ఉండకూడదు. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలి. 1994లో అక్కడ ఈ వెల్లకిలా పడక ప్రచారం మొదలయ్యాక నిద్రలో ఉన్నట్టుండి చనిపోయే పసిపిల్లల సంఖ్య సుమారు సగానికి తగ్గింది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇవన్నీ చూశాక మాకు ఒకటి అర్థమైంది. కావలసింది క్రిబ్బు కాదు, చెయ్యి చాపితే అందే చదునైన చోటు. అది మన ఊళ్లోనే తయారవుతుంది. కొండరెడ్ల వెదురు పని అందరికీ తెలిసిందే. ఊళ్లో బుట్టలల్లే మామకి కొలతలు చెప్పాం. రెండు మూరల పొడవు, మూర వెడల్పు, జానెడున్నర ఎత్తు. అడుగు గుండ్రంగా కాదు, బల్లలా చదునుగా. బద్దల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటితే పసిబిడ్డ ఒళ్లు అందులోకి జారి తల ఇరుక్కుంటుంది, కాబట్టి దగ్గరగా అల్లమన్నాం. "పిల్లని పెడతారా, కూరగాయలు పెడతారా ఇంత కొలతలు" అని నవ్వాడు మామ. లోపలంతా కత్తితో గీకి, పేడు గుచ్చుకోకుండా నున్నగా చేశాడు. రెండ్రోజుల పని, 900 రూపాయలిచ్చాం. అడుగున పలచటి బొంత మడతపెట్టి, పైన పాత చీర గుడ్డ ముడతల్లేకుండా బిగించి కట్టారు.

తొట్టిని చాప పక్కనే, వాలు లేనిచోట పెట్టారు. మలేరియా వాళ్లిచ్చిన పెద్ద దోమతెర తల్లినీ తొట్టినీ కలిపి కట్టి, అంచులు చాప కిందికి దోపుతున్నారు. నేల మీద పడుకునేవాళ్లని రాత్రిపూట కరిచే కట్లపాము నుంచి కూడా ఆ తెర అడ్డం. ఆసుపత్రి కిట్లో దోమతెరతో బేబీ బెడ్ వచ్చినవాళ్లు దాన్ని అటక మీద పెట్టకుండా వాడండి, అడుగు గట్టిగా ఉందో లేదో చూసుకోండి. ఏ తొట్టయినా బిడ్డ బోర్లా పడేదాకానే. తర్వాత గోడ ఎత్తు సరిపోదు.

ఇంకో మాట. తక్కువ బరువు బిడ్డకి మొదట కావలసింది తొట్టి కూడా కాదు, తల్లి రొమ్ము. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, బిడ్డల్ని తల్లి ఒంటికి ఆనించి గుడ్డతో కట్టడం మొదలుపెట్టారు. దాన్నే కంగారూ సంరక్షణ అంటున్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండని, తక్కువ బరువు పిల్లలకి రోజుకి 8 నుంచి 24 గంటలు ఇలా చెయ్యమంది. మా నేస్తం పగలు వీపు ఎత్తుగా ఆనించుకుని, పిల్లని గుడ్డతో కట్టుకుని కూర్చునేది. ఆమె స్నానానికి వెళ్తే తండ్రి కట్టుకునేవాడు. ఊరంతా వింతగా చూసింది, తర్వాత అలవాటైపోయింది.

ఆశా అక్క ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. రాకపోతే అడగండి, వచ్చినప్పుడు బిడ్డ పడుకునే చోటు కూడా చూడమనండి. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, డొక్కలెగరేస్తున్నా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చెయ్యండి. సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో, రోడ్డు దాకా ఎవరు మోస్తారో కాన్పుకి ముందే మాట్లాడుకోండి.

ఆ పాప ఇప్పుడు 3 కిలోలు దాటింది. మీ ఊళ్లో పిల్లల్ని ఎందులో పడుకోబెడతారు, మీ భాషలో దాన్ని ఏమంటారు, వెదురు పని చేసేవాళ్లు ఎవరున్నారు? రాయండి. కొలతలు కావాలంటే పంపిస్తాం.