ఏమీ మోయని వాసాలు

తాడేపల్లిగూడెంలో రైలు దిగేసరికి ఉల్లిపాయల లారీలు మార్కెట్టు దారిలో బారులు తీరి ఉన్నాయి. ఈ చుట్టుపక్కల ఎవరిని కదిపినా గూడెం అనగానే ముందు ఉల్లి హోల్‌సేలు గురించే చెబుతారు. నాకు మాత్రం ఆ ఊళ్లో పని లేదు. జీలకర్రగూడెం పక్కన ఉన్న గుంటుపల్లి గుహలు చూడాలి, ఆ తర్వాత కొల్లేట్లోకి దిగాలి. ఏలూరు నుంచి తిన్నగా వెళ్లిపోవచ్చు. కానీ భీమడోలు, ద్వారకా తిరుమల మీదుగా వెళ్తే డెల్టా ఎక్కడ ఆగి మెట్ట ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుందని ఇటునుంచి బయల్దేరాను.

నిజంగానే తెలుస్తుంది. భీమడోలు దగ్గర హైవే వదిలి ఉత్తరానికి తిరిగాక వరిచేలు వెనకబడతాయి, నేల ఎర్రబడుతుంది. పామాయిల్ తోటలు, వాటి నీడన కోకో, మధ్యమధ్య జీడిమామిడి. శాలంకాయనులు ఏలిన వేంగి ఇప్పటి పెదవేగి, ఈ చుట్టుపక్కలదే. అక్కడిప్పుడు ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. ద్వారకా తిరుమల చినవెంకన్న కొండకు కిందనుంచే దణ్ణం పెట్టి కామవరపుకోట చేరాను. ఆటో అబ్బాయికి గుహలని చెబితే "ధర్మలింగేశ్వరస్వామి దగ్గరికాండీ?" అని అడిగాడు. ఔనన్నాను. ఆ పేరు ఎవరిదో పైకెళ్లాక అర్థమైంది.

మెట్లెక్కి వంపు తిరిగితే ఎదురుగా రాతిలో తొలిచిన చిన్న వాకిలి, దాని మీద లాడం ఆకారంలో కమాను. లోపల గుండ్రటి గది. అడ్డకొలత సుమారు 18 అడుగులు. మధ్యలో స్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణకు మనిషి పట్టేంత దారి. ఈ స్తూపాన్నే ఊరివాళ్లు ధర్మలింగేశ్వరుడంటారు. బౌద్ధ భిక్షువులు వెళ్లిపోయిన ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా దేవుడికి దీపం లేకుండా పోలేదంటే, పేరు మార్చి కాపాడుకున్న ఆ ఊరివాళ్ల పుణ్యమే. పదిహేనుమంది చేరితే ఇరుకైపోయే ఈ గదిని క్రీస్తుకు పూర్వం 2, 1 శతాబ్దాల నాటిదని పండితులు లెక్కగడతారు. దీన్ని వాళ్లు చైత్యగృహం అంటారు, అంటే ప్రార్థన మందిరం.

తలెత్తి చూశాను. నేను వచ్చింది ఈ కప్పు కోసమే. గుండ్రటి గోపురం లాంటి పైకప్పు, అంచునుంచి పైకి వంగుతూ నడినెత్తిన కలుసుకునే 16 వాసాలు, వాటిని అడ్డంగా కలుపుతూ వలయాలుగా బద్దెలు. అన్నీ రాయే. వాకిలి కమాను కింద దూలాల చివర్లు బయటికి పొడుచుకొచ్చినట్టు చెక్కారు. చుట్టింటి కప్పును లోపలినుంచి చూసినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనపడదు, తాటాకు ఒక్కటే తక్కువ.

కానీ ఈ వాసాలు దేన్నీ మోయడం లేదు. వాటిపైన ఉన్నది కొండ. అది తనంత తానే నిలబడి ఉంది. వాసాలు చెక్కకుండా కప్పును నున్నగా వదిలేసినా ఏమీ కూలేది కాదు. బీహారులోని బరాబర్ కొండల్లో అశోకుడి కాలంనాటి సుదామ గుహను అలాగే అద్దంలా నునుపు చేసి వదిలేశారు. ఇక్కడి పనివాడు వదల్లేదు. కొయ్యపనికి అలవాటు పడిన చెయ్యి రాతిలోనూ అదే చేసిందని పుస్తకాలు చెబుతాయి. నాకు ఆ జవాబు చాలలేదు. అలవాటు కొద్దీ ఇంత కష్టపడే పనివాణ్ణి నేనెక్కడా చూడలేదు. వాసాలు కనపడకపోతే అది ఇల్లని లోపలికొచ్చినవాడికి అనిపించదు, ఇల్లనిపించకపోతే దేవుడి దగ్గర నిలబడబుద్ధి కాదు. ఇది తెలిసినవాడే ఉలి పట్టి ఉంటాడు.

ఇంకో తిరకాసు ఉంది. ఇల్లు కట్టేవాడు పునాదితో మొదలుపెట్టి వాసాలతో ముగిస్తాడు. గుహ తొలిచేవాడు మామూలుగా కప్పు దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతాడు, నేల చివర్న వస్తుంది. మధ్యలోని స్తూపాన్ని ఎవరూ తెచ్చి నిలబెట్టలేదు, చుట్టూ తీసేసి దాన్ని మిగిల్చారు. అంటే ఎక్కడ తియ్యకూడదో మొదటి దెబ్బకు ముందే తెలిసుండాలి.

పక్కనున్న విహారం పెద్దదే, గదులు గదులుగా ఉంది, కానీ ఇసుకరాయి అరిగిపోయి మొహం చెదిరింది. కొండ మీద ఇటుక చైత్యం, వరసగా చిన్న మొక్కుబడి స్తూపాలు. కూలిన మండపంలో దొరికిన స్తంభాల మీద బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనాలు ఉన్నాయి. మహామేఘవాహన వంశపు రాజు సిరి సద దగ్గర లేఖకుడిగా ఉన్న చుళగోముడు ఆ మండపాన్ని దానం చేశాడని వాటి సారాంశం. గుమస్తా ఉద్యోగంతో మండపం కట్టించాడంటే ఆ కాలపు జీతాలు బాగానే ఉండి ఉండాలి.

మర్నాడు ఏలూరు మీదుగా కొల్లేరు. 1999లో అభయారణ్యమని ప్రకటించారు, 2002లో చిత్తడి నేలల రామ్సర్ జాబితాకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. అయినా కైకలూరు రోడ్డు మీద వెళ్తుంటే సరస్సు ఎక్కడో, చెరువు ఎక్కడో చెప్పడం కష్టం. ఒక లంక దగ్గర గట్టు మీద బోర్లించిన తాటిదోనె కనపడితే ఆగాను. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఉన్నాడు.

"మీరే చెక్కారా బాబాయ్?"

"మా నాన్నండి. నేను పక్కనుండి సాయం పట్టానంతే. ఇప్పుడంతా ఫైబరు పడవలే కదండీ."

దోనెకు ముదురు తాడిచెట్టు కావాలట, మొదలు బాగా ఉబ్బినది. తాటిమొద్దు అంచు చేవదేరి ఉంటుంది, నడుమ మెత్తటి పీచు. పొడవునా చీల్చి, బాడిసతో ఆ పీచంతా తోడేస్తే మిగిలేది దోనె. ఉబ్బిన మొదలు దానంతటదే మూసుకుని ఉంటుంది, సన్నటి కొసను మట్టితో పూడుస్తారు. బరువెక్కువైతే రెండు దోనెల్ని జతకడతారు. ఒక్క మేకు ఉండదు, అతుకు ఉండదు. చేవ ఎక్కడ మొదలవుతుందో చేతికి తెలియాలి, ఒక్క దెబ్బ ఎక్కువ పడితే చెట్టు దండగ అన్నాడాయన.

గుంటుపల్లి కొండ తొలిచినవాడు వడ్రంగి కట్టిన ఇంటిని చూసి నకలు తీశాడు సరే, పని చేసిన తీరు మాత్రం దోనె చెక్కేవాడిదే. ఆ మాటే ఆయనతో అంటే, గుహలెప్పుడూ చూళ్లేదన్నాడు. ఫోన్లో కప్పు ఫొటో చూపించాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పనివాడి పేరేమన్నా రాసుందాండీ?"

"దానమిచ్చినవాళ్ల పేర్లున్నాయి బాబాయ్. నేను చూసినంతలో చెక్కినవాళ్ల పేరు లేదు."

"అయితే రోజుకూలీ అయ్యుంటాడండి," అన్నాడు ఫోను తిరిగిచ్చేస్తూ. "గుత్తకు పట్టుంటే వాకిట్లోనే రాసుకునేవోడు."