బాటకు మనం చెల్లించవలసిన హక్కు

ప్రతి ఏటా ఫిఖహ్ తరగతిలో 'హిదాయా' గ్రంథం చివరి భాగానికి చేరినప్పుడు, బాటలో జరిగే నష్టాలకు బాధ్యులెవరన్న ప్రకరణాన్ని మేము విద్యార్థులకు బోధిస్తూ ఉంటాము. 12వ శతాబ్దానికి చెందిన ఇమామ్ మర్గీనానీ (రహ్మతుల్లాహి అలైహ్) ఆ విషయాన్ని గుర్రం, రౌతుల ఉదాహరణతో వివరిస్తారు. నడుస్తున్న గుర్రం కాలి కింద ఎవరైనా నలిగితే రౌతు బాధ్యుడు. అది వెనుక కాలితో తన్నితే మాత్రం, దానిని నివారించడం అతని చేతిలో లేదు గనుక బాధ్యుడు కాడు. అయితే గుర్రాన్ని దారిలో నిలిపి ఉంచినట్లయితే ఆ తాపుకు కూడా అతడే బాధ్యుడు. ఎందుకంటే దారిలో నిలపకుండా ఉండడం అతనికి సాధ్యమే. అందరి బాటపై నడిచే అనుమతి ఇతరుల క్షేమమనే షరతుతో కూడినదని దీని సారాంశం. ఇరవై ఏళ్లకు పైగా ఈ పాఠం చెప్పాము. అందులో మాకే ఒకనాడు పరీక్ష ఎదురవుతుందని మాత్రం ఊహించలేదు.

మేము ఉండేది విజయవాడ వన్‌టౌన్‌లో. ఒకవైపు ఇంద్రకీలాద్రి, మరొకవైపు కృష్ణానది, నడుమ ఇరుకైన వీధులు. చెన్నై - కోల్‌కతా రహదారి, హైదరాబాదు - మచిలీపట్నం రహదారి ఈ నగరంలోనే కలుస్తాయి. లారీ మా వారికి పరాయిది కాదు. మా విద్యార్థుల తండ్రులలో డ్రైవర్లు ఉన్నారు, క్లీనర్లు ఉన్నారు, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీలు ఉన్నారు. కనుక లారీని, దానిని నడిపే వారిని నిందించడం మా ఉద్దేశం కాదు. మేము చెప్పబోయేది మా తప్పు.

కొన్నేళ్ల క్రితం మా మదరసాకు పై అంతస్తు కట్టిస్తున్నాము. పగటి వేళ భారీ వాహనాలు ప్రవేశించరాదన్న బోర్డు వీధి మొదట్లోనే ఉన్నది. ఇటుకలు తెచ్చే డ్రైవరు రాత్రి పది దాటాక తెస్తానన్నాడు. రాత్రి పూట దించడానికి హమాలీలు కూలి ఎక్కువ అడుగుతారు. చందా డబ్బు పొదుపు చేయాలన్నది మా ఆలోచన. "పొద్దున్నే తీసుకురండి భాయీ, ఎవరైనా అడిగితే మదరసా పని అని చెప్పండి" అన్నాము. ఆ మాట అంటున్నప్పుడు అందులో మాకు ఏ దోషమూ కనిపించలేదు.

పిల్లలు సబఖ్‌కు వచ్చే వేళకే లారీ వచ్చింది. వెనక్కి తీస్తుండగా, ఎడమవైపు గోడకూ లారీకీ మధ్య పదేళ్ల బాలుడొకడు సైకిలుతో చిక్కుకున్నాడు. మన లారీలలో డ్రైవరు కుడివైపున, ఎత్తులో కూర్చుంటాడు. ఎడమ చక్రం దగ్గర ఉన్న చిన్న పిల్లవాడు అతని కంటికి కనిపించడు. ఆరు చక్రాల లారీకి సరకుతో కలిపి చట్టం అనుమతించిన బరువు 18.5 టన్నులు. అంత బరువు ముందు ఒక పసివాడి పాదం ఎంత? సైకిలు నలిగిపోయింది. బాలుని కుడి పాదంలో ఎముకలు విరిగాయి. అల్హమ్దులిల్లాహ్, ప్రాణం దక్కింది.

జనం డ్రైవరుపై చేయి చేసుకోబోతే, మేము అతనిని మస్జిదు లోపలికి తీసుకువెళ్లాము. అతడు వుజూ హౌజు పక్కన కూలబడి చాలాసేపు వణికాడు. చివరకు, "మౌలానా సాబ్, రాత్రికి తెస్తానన్నాను కదా" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. మా వద్ద జవాబు లేదు.

నేరుగా నష్టం కలిగించిన వానిని మా గ్రంథాలలో ముబాషిర్ అంటారు, దానికి కారణమైన వానిని ముతసబ్బిబ్ అంటారు. ఈ రెండు పదాల తేడాను ఎన్నో ఏళ్లుగా నల్లబల్లపై వ్రాసి చూపిన వాళ్లం, ఆనాడు మేము ఏ పదం కిందికి వస్తామో తెలుసుకున్నాము. 1988 నాటి మోటారు వాహనాల చట్టం కూడా ఈ తేడా ఎరిగినదే. ప్రజల క్షేమం కోసం ఫలానా వీధిలో, ఫలానా వేళ వాహనాలను నిషేధించే అధికారాన్ని 115వ సెక్షను ఇస్తున్నది. దానిని ఉల్లంఘించి వాహనం నడిపిన వానితో పాటు నడిపించిన వానిని కూడా 194వ సెక్షను బాధ్యుని చేస్తున్నది. అయినా కేసు డ్రైవరు పేరనే వ్రాశారు. లోడు పిలిపించిందెవరని ఎవరూ అడగలేదు. మేమే వెళ్లి చెప్పి వచ్చాము.

బాలుని తండ్రి కూడా లారీ డ్రైవరే. క్షమించమని అడగడానికి వెళ్తే ఆయన తల వంచుకుని, "నేనూ రమ్మన్న చోటికి, రమ్మన్న వేళకు తోలేవాణ్ణే మౌలానా సాబ్. ఇకనైనా ఎవరినీ అలా పిలవకండి" అన్నారు.

ఆ రాత్రి ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్) గారి 'ఇహ్యా' తెరిచాము. వీధులలో జరిగే చెడులను గురించి వ్రాస్తూ, ముళ్ల మోపులు మోసే పశువులను జనం మధ్యగా తోలడాన్ని ఆయన ప్రస్తావిస్తారు. మోపును బిగించి కట్టగలిగినా, విశాలమైన మార్గం గుండా మళ్లించగలిగినా, అలా చేయకుండా జనం బట్టలు చిరిగేలా తోలడం తప్పు. వేరే మార్గం లేనప్పుడు మాత్రం అడ్డగించరాదు. ఎందుకంటే ఆ కట్టె ఊరివారికి అవసరం. అయినా దించడానికి పట్టే సమయానికి మించి దానిని వీధిలో ఉంచరాదు. క్రీ.శ. 1111లో గతించిన ఆ మహనీయుడు ఎంత సమతూకంతో ఆలోచించారో చూడండి!

మన నగరాలకూ కావలసినది ఇదే. ఊరు దాటిపోయే లారీలను బైపాసు మీదుగా మళ్లించవచ్చు. విజయవాడకు చిన్న అవుటపల్లి నుండి కాజ వరకు పడమటి బైపాసు అందుకోసమే సంకల్పించినది. కానీ బియ్యం, సిమెంటు, ఇటుకలు ఊళ్లోకి రాక తప్పదు. వాటికి వేళ నియమమే రక్ష. అయితే ఆ వేళ కోసం ఊరి పొలిమేరలో గంటల తరబడి కాచుకునే డ్రైవరుకు నీళ్లు, మరుగుదొడ్డి, నడుం వాల్చడానికి చోటు చూపకపోతే, మన క్షేమం భారమంతా అతని నెత్తిన వేసినట్లే. అది కూడా అన్యాయమే.

దారుల ప్రక్కన కూర్చోవద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించినప్పుడు, అది తమకు తప్పనిసరి అని సహాబాలు విన్నవించుకున్నారు. అలాగైతే దారి హక్కు చెల్లించమని ఆయన ఆదేశించారు. ఆ హక్కులలో ఇతరులకు బాధ కలిగించకపోవడం ఒకటి. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ హదీసును దారిన పోయేవారికే వర్తింపజేసి, ఇంట్లో కూర్చుని ఫోనులో లోడు పిలిపించే మనం తప్పించుకోగలమా?

మిగిలిన ఇటుకలన్నీ రాత్రి వేళలోనే దిగాయి. హమాలీలకు అడిగిన కూలి ఇచ్చాము. చందాదారుల ముందు ఆ లెక్క చదివి వినిపిస్తే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మస్జిదు వుజూఖానా, మరుగుదొడ్డి ఇషా తర్వాత కూడా డ్రైవర్ల కోసం తెరిచి ఉంచుతున్నాము. వీధిలోని కిరాణా వర్తకులలో కొందరు మాతో ఏకీభవించారు, మరికొందరు ఖర్చు చూసి వెనుకాడారు. వారిని తప్పుపట్టే అర్హత మాకు లేదు. చెబుతూనే ఉంటాము.

సోదర సోదరీమణులారా! ఇల్లు కట్టుకున్నా, పెళ్లికి సామాను తెప్పించుకున్నా, లారీ ఏ వేళకు వస్తుందో ఒక్కసారి అడగండి. అది బడి పిల్లలు నడిచే వేళ అయితే వద్దని చెప్పండి. ఇందుకయ్యే అదనపు ఖర్చు కూడా, ఇన్‌షా అల్లాహ్, సదఖాగానే వ్రాయబడుతుందని ఆశిద్దాం.

ఆ బాలుడు ఇప్పుడు మా ఫిఖహ్ తరగతికే వస్తున్నాడు. మెట్లు ఎక్కేటప్పుడు కుడి కాలు కాస్త ఈడుస్తాడు. ఈ ఏడాది ఆ ప్రకరణం వచ్చినప్పుడు, గుర్రం సంగతితో పాటు ఇటుకల లారీ సంగతి కూడా చెప్పాము. అతడు తల ఎత్తకుండా వ్రాసుకున్నాడు.

అల్లాహ్ మా తప్పును మన్నించుగాక, మన పిల్లలను కాపాడుగాక. ఆమీన్.