ఇంటిపేరు - ఇల్లాలి పేరు

మా తండ్రిగారు గతించిన సంవత్సరమున పొలములు పంచుకొనవలసి వచ్చి, పాతపెట్టెలోని కాగితములను బయటికి తీసితిమి. అందు మా తాతగారి కాలమున ఏదో వ్యాజ్యమునకై వ్రాయించిన వంశవృక్షమొకటి దొరకినది. ఏడు తరముల పేర్లు. మూలపురుషుడు, వాని కొడుకులు, వారి కొడుకులు. బిడ్డలు లేనివాని ప్రక్కన "నిస్సంతు" అని యొక్క మాట. దానిని చూచి మేము గర్వపడితిమి. కడప జిల్లాలో ఆకాశమువంక చూచి బ్రతికిన సేద్యగాండ్ర యింట ఏడు తరముల పేర్లు నిలుచుట సామాన్యమా యనుకొంటిమి.

మా చెల్లెలు ఆ కాగితమును చేతికి తీసికొని చాలసేపు చూచినది. "అన్నా, ఇందులో నన్నెక్కడ రాస్తావు?" అని యడిగినది.

మేము చోటు చూపబోయి ఆగిపోయితిమి. మా తండ్రిగారి పేరు క్రింద మాకును మా తమ్మునికిని గీతలు గీయవచ్చును. కాని ఆ వృక్షమున ఏడు తరములలో ఒక్క ఆడుపేరు లేదు. కొడుకులు కొడుకులనే కనిరి. తల్లులు లేకయే కనిరి! చట్టము మా కాగితముకంటె ఎంతో ముందునకు పోయినది. మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 నుండి, నాటికి పెండ్లికాని కుమార్తెలకు పూర్వులనుండి వచ్చిన యాస్తిలో కొడుకులతో సమానమైన హక్కు కలిగినది. 2005లో ఆ హక్కు దేశమందలి కుమార్తెలందరికిని వచ్చినది. పంపకపు కాగితమున మా చెల్లెలు చేవ్రాలు చేసినది. పొలమున చోటు కలిగిన ఆడుబిడ్డకు వంశమున చోటు లేకపోయినది. ఆ వృక్షమును మరల వ్రాయవలెనని నాడే నిశ్చయించుకొంటిమి.

పూనుకొన్న పిమ్మట గాని పని యెంత కష్టమో తెలియలేదు. మన సీమలో పూర్వులను జ్ఞప్తియందుంచుకొను పనిని గృహస్థులు తాము చేసికొనక పరుల కప్పగించిరి. రెడ్ల యిండ్లకు పిచ్చుకుంట్లవారు వచ్చి, గోత్రమును ఇంటిపేరును పూర్వుల ప్రతాపమును పాడి, గింజలో పాతబట్టయో పుచ్చుకొని పోవుచుండిరి. వారికే వంశరాజులనియు పేరు. పద్మసాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు ఇట్టివారే. అక్షరము నోచుకొనని యిండ్లకును చరిత్ర కలదని చాటినవారు వీరు. మనము వారిని బిచ్చగాండ్రనుకొంటిమి.

ఇక ఊరి లెక్క కరణముది. ఆయన దండకవిలెలో భూమి, మాన్యము, పొలిమేర, శిస్తు ఉండెడివి. 1984లో ఆ కరణీకమును పోయినది. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారి కిచ్చిన తరువాత, మెకంజీ దొరగారి పక్షమున ఊరూర తిరిగిన గుమాస్తాలు ఆ కవిలెలను చూచి, వృద్ధుల నడిగి, కైఫీయతులు వ్రాసిరి. బ్రౌను దొరగారు వానికి ప్రతులు వ్రాయించిరి. కడపలో బ్రౌనుగారి బంగళా యుండిన చోటనే నేడు ఆయన పేరిట గ్రంథాలయము కలదు. కడప కైఫీయతులు సంపుటములుగా అచ్చయినవి.

మా ప్రాంతపు కైఫీయతులను ఆశతో చదివితిమి. చెరువు త్రవ్వించినదెవరో, గుడికి మాన్యమిచ్చినదెవరో, ఊరిని కొల్లగొట్టిన పాళెగాడెవడో అందు కలదు. దానమిచ్చిన రాణులును, పేరంటాండ్రయి పూజలందుకొన్నవారును అచ్చటచ్చట కనబడుదురు. అనగా ఆడుది పేరు నిలుపుకొనవలెనన్న రాణి కావలెను, లేదా చితి నెక్కవలెను. బ్రతికి, బిడ్డలను కని, చేను కలుపు తీసి, సంగటి కెలికి చచ్చినదానికి పేరు లేదు. తర్పణము విడుచు యిండ్లలో తల్లి, పితామహి, ప్రపితామహి పేర్లను మంత్రముతో పలుకుదురు. అది మెచ్చదగిన యాచారమే. కాని మూడు తరములు దాటగనే ఆ పేర్లును జారిపోవును.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమున మాడిసను పట్టణములో నుద్యోగము చేయు మా మేనల్లుడు, మా పట్టుదల విని, అచ్చటి నార్వే సంతతివారి వంశశోధన సంఘములను గూర్చి మాకు వ్రాసెను. నార్వే కొండల దేశము. సేద్యమునకు నేల తక్కువ. 1825లో స్టావెంగరు రేవునుండి ఒక చిన్న యోడలో ఏబదిమందికి పైబడి బయలుదేరినది మొదలు, నూరేండ్లలో ఎనిమిది లక్షలమంది అమెరికాకు వలసపోయిరి. ఒక్కొక్క లోయనుండి వచ్చినవారు 1899 మొదలుకొని యేటేట ఒకచోట కూడి, మాతృగ్రామములను తలచుకొని, సంఘములు కట్టుకొనిరి. 1974లో గెర్హార్డు నేసెత్ అను గ్రంథాలయోద్యోగి వారి వంశములను వెదకిపెట్టుటకై యొక కేంద్రమునే నెలకొల్పెను. నార్వేలోను 1926లోనే వంశచరిత్ర సంఘ మేర్పడినది.

వారి యింటిపేరును మన యింటిపేరు వంటిదే. మనది తరచు ఊరిపేరు. వారిది తరచు తామున్న పొలము పేరు. మనము ఊరు విడిచినను ఊరిపేరు మనలను విడువదు. వారిలో పొలము మారినవానికి పేరును మారెడిది. 1923 చట్టముతో నది స్థిరపడినది. కాని మమ్ము నిలువబెట్టిన సంగతి వేరొకటి. 1801లో ఆ దేశమున జనులను పేరుపేరున లెక్కించిరి. అందు కూలివాని భార్యకును పేరు కలదు. పెండ్లియైనను ఆమె తన తండ్రి కూతురుగనే వ్రాయబడినది. ఇంచుమించు ఆ యేండ్లలోనే మన సీమలో మన్రో దొర పొలములు కొలిపించుచుండెను. అచ్చట మనిషికి లెక్క. ఇచ్చట మడికి లెక్క. వారి లెక్కయును రాజుగారి యవసరమునకు పుట్టినదే గాని స్త్రీలపై గౌరవమున పుట్టినది కాదు. అయినను పేరు నిలిచినది.

అంత దూరము పోనేల? 1860 నుండి 1911 వరకు నేటాలునకు, 1903 నుండి 1916 వరకు ఫిజీకి మద్రాసు రేవున ఓడలెక్కిన మన కూలీల పట్టీలలో, ఆడువారికిని పేరు, తండ్రిపేరు, వయసు, ఊరు వ్రాసియున్నవి. వారి మునిమనుమలు నేడు ఆ పట్టీలను చేతబట్టుకొని పూర్వుల యూళ్ళను వెదకుచున్నారు. సముద్రము దాటి చెరకుతోటలలో అలమటించినదాని పేరు నిలిచినది. గడప దాటని యిల్లాలి పేరు పోయినది. కూలి చేయించుకొనువారు వ్రాసికొన్న మాత్రమైనను, కడుపున పుట్టినవారము మనము వ్రాసికొనలేదు.

మా యింటిపేరు కర్నూలు వైపున కుందూనది యొడ్డుననున్న యొక పల్లె పేరు. 1876-78 నాటి ధాత కరువున మావారు ఆ పల్లె విడిచి, ఏటి వెంబడి దిగువకు వచ్చిరని పెద్దలు చెప్పుదురు. 1871 లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు జిల్లా జనమున ఇంచుమించు నాలుగవవంతు తగ్గినది. ఆ కరువు అట్టిది. మేము వృక్షమును వెంటగొని ఆ పల్లెకు పోయితిమి. రచ్చకట్టపై కూర్చున్న పెద్దలకు ఏడు తరముల పేర్లు చదివి వినిపించితిమి. వారు తలలూపిరే గాని యెవరును గుర్తింపరైరి. తాతపేరు మనుమనికి పెట్టుట మన యాచారము గదా. పది యిండ్లలోను అవే పేర్లు. ప్రక్కన చేటతో కందులు చెరుగుచున్న యొక ముసలామె తల యెత్తి, "మొగోళ్ల పేర్లు చెప్తే ఏం తెలుస్తాది నాయనా? ఒగరిని పిలిస్తే పదిమంది పలుకుతారు. మీ జేజి ఏ యింటి ఆడబిడ్డో చెప్పు, అప్పుడు చెప్తా" అనెను.

ఏడు తరముల వృక్షము మా చేతనున్నది. ఆమె ప్రశ్నకు మాత్రము అందు జవాబు లేదు.

ఇంటికి వచ్చి, తొంబదియేండ్ల మా మేనత్త నడిగితిమి. ఊరంతయు ఆమెను అమ్మణ్ణి యనియే యెరుగును. మేమును అదియే ఆమె పేరనుకొని యుంటిమి. ఆమె నవ్వి, "నా పేరు మా జేజి పేరేరా. అత్త పేరు పెట్టి పిలవగూడదని మాయమ్మ నన్ను అమ్మణ్ణీ అనె. అట్లే నిలిచిపాయె" అనెను. ఆ జేజి ధాత కరువున తల్లి చంకనెక్కి దిగువకు వచ్చిన పసిబిడ్డయట. మావారి వెంట ఆ పల్లెనుండియే నడచివచ్చిన మరియొక కుటుంబము వారిది. దారిలో చావక మిగిలిన రెండిండ్లు తరువాత వియ్యమందుకొనినవి. ఆ పుట్టినింటి పేరును మా మేనత్త తడుముకొనక చెప్పెను. ఇన్నేండ్లుగ ఆమెను అడిగినవారే లేరు.

మరల ఆ పల్లెకు పోయి ముసలామెకు ఆ పేరు చెప్పితిమి. "ఆ యింటోళ్ల బాయి ఇంగా ఉండాది, రాండి" అని చేట ప్రక్కకు నెట్టి, తానే ముందు నడచెను. కంపచెట్లు మూసిన దిగుడుబావి యది. అడుగున నీరు లేదు. దాని యొడ్డున నిలిచినప్పుడు, ఇది మన యూరని మాకు మొదటిసారి తోచినది.

మా ముత్తవ్వ పేరు ద్వేషముచే పోలేదు, మర్యాదచే పోయినది. అత్తపేరు పలుకరాదు, భర్తపేరు పలుకరాదు, పెద్దదాని పేరు పలుకరాదు. పలుకని పేరును వ్రాయువారెవరు? మంచి యాచారమే యైనను మనిషిని మాపునప్పుడు దానిని సవరించుకొనవలెను. మరియు వంశమును వెదకుట కులగర్వమునకైనచో వెదకకుండుటయే మేలు. మగపేర్లు మాత్రమే గల వృక్షము వంశవృక్షము కాదు. పొలము ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదో చూపు పట్టీ.

చదువరులకు మా విన్నపము చిన్నది. మీ యింట నున్న ముసలామెను ఈ రాత్రియే అడుగుడు: ఆమె పేరేమి, ఆమె తల్లి పేరేమి, పుట్టినిల్లేది, ఏ కరువున ఏ యూరు విడిచిరి? ఒక పుస్తకమున వ్రాసి తేదీ వేయుడు. మన పట్టణముల గ్రంథాలయములు నెలకొక సాయంకాలము ఇట్టి పుస్తకములను చదివించుకొని భద్రపరచినచో, నార్వేవారి సంఘముల వంటివి మనకును కలుగును. దీనికి ధనమక్కరలేదు. ముసలివారుండగనే చేయవలెను, అంతే.

మా ముత్తవ్వ పేరు ఇచ్చట వ్రాయకుండుటకు కారణము మా మేనత్త. "మాయమ్మ పలకని పేరు పదిమందిలో వేస్తారా?" అని యామె వారించెను. క్రొత్త వృక్షమున మాత్రము వ్రాసితిమి. మా తండ్రిగారి పేరు ప్రక్కన మా తల్లిగారి పేరుంచి, కలమును మా చెల్లెలి చేతి కిచ్చితిమి. తన పేరు తానే వ్రాసికొని, క్రింద కూతునకు చోటు విడిచినది.