ఇంటర్వెల్‌లో చచ్చిపోయిన ఎఫ్4

మీ ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంటే ఒకసారి దాని కీబోర్డు చూడండి. అక్షరాలు అరిగిపోయి ఉంటాయి. స్పేస్‌బార్ నున్నబడి మెరుస్తుంటుంది. పై వరసలో ఎఫ్1 నుంచి ఎఫ్12 వరకు మాత్రం నిన్ననే కొన్నట్టుంటాయి. ఆ వరసకు పని దొరకడం నేను చూసింది ఫిలింనగర్‌లో, మా బాబాయి గదిలో.

బాబాయి సినిమావాళ్లకు డైలాగ్ వెర్షన్ టైప్ చేసిపెడతాడు. జూబ్లీహిల్స్ ఆఫీసుల్లో కూర్చుని రచయితలు చేత్తో రాసిన కాగితాలు రాత్రికి వస్తాయి. తెల్లారేసరికి సీన్ పేపర్లు లొకేషన్‌లో ఉండాలి. కిందటేడు ఆయన కుడి మణికట్టు వాచింది. డాక్టర్ నెల రోజులు విశ్రాంతి అన్నాడు. "నెల ఆగితే పని ఇంకొకడికి పోతుందిరా. మళ్లీ రాదు" అన్నాడు బాబాయి. చేతికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని టైప్ చేస్తూనే ఉన్నాడు.

ఒక ఆదివారం పక్కన కూర్చుని చూశా. స్క్రిప్టులో మాటిమాటికీ వచ్చేవి పాత్రల పేర్లు. ప్రతి డైలాగుకీ ముందు అది ఎవరిదో రాయాలి. 'వీరభద్రయ్య' అని కొట్టాలంటే పది నొక్కులు. సీన్‌లో నలభైసార్లు వస్తే నాలుగు వందలు.

"బాబాయ్, ఈ పై వరస ఎప్పుడైనా వాడావా?"

"ఎఫ్1 పొరపాటున తగుల్తుంది. హెల్ప్ అని ఏదో వస్తుంది. మూసేస్తా."

నిజానికి ఇలాంటి పని ఈ కీలకు కొత్తేం కాదు. 1981లో వచ్చిన బీబీసీ మైక్రో అనే హోమ్ కంప్యూటర్‌కి పైన పది ఎర్ర కీలుండేవి. ఏది నొక్కితే ఏ మాట పడాలో చిన్న కమాండ్‌తో మనమే చెప్పుకోవచ్చు. 1984లో మన దేశంలో క్లాస్ ప్రాజెక్టు కింద స్కూళ్లకు ఇచ్చింది ఆ కంప్యూటర్లే. ఇప్పుడు విండోస్‌లో అదే పనికి ఆటోహాట్‌కీ లాంటి ఉచిత మ్యాక్రో సాఫ్ట్‌వేర్ ఉంది.

పది నిమిషాల పని అనుకున్నా. ఎఫ్4కి వీరభద్రయ్యను పెట్టి నొక్కితే తెర మీద పిచ్చి గీతలు! నేనిచ్చింది యూనికోడ్. బాబాయి వాడేది పాత డీటీపీ ఫాంటు. పైకి తెలుగే, లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు. చివరికి ఆయన వేళ్లు ఏ కీలు ఏ వరసలో కొడుతున్నాయో కాగితం మీద రాసుకుని, వాటినే కొట్టమని మ్యాక్రోకి చెప్పా. వేగం ఎక్కువై పాత సిస్టమ్ సగం అక్షరాలు మింగేసింది. నొక్కుకీ నొక్కుకీ మధ్య కాస్త గ్యాప్ ఇచ్చా. రాత్రి పదకొండింటికి పేరు సరిగ్గా పడింది.

బాబాయి నాలుగుసార్లు నొక్కి చూసుకున్నాడు. ఏమీ అనలేదు. టేపు ముక్కల మీద పాత్రల పేర్లు రాసి కీలకు అంటించుకున్నాడు.

నెల తర్వాత వెళ్తే ఎఫ్4 మీద టేపు లేదు.

"పని చేయట్లేదా బాబాయ్?" అన్నా కంగారుగా.

"వీరభద్రయ్య ఇంటర్వెల్‌లో చచ్చిపోయాడ్రా. కీ ఖాళీ. సెకండాఫ్‌లో పోలీసాఫీసర్ వస్తాడు, ఆయన్ని పెట్టు."

మణికట్టు పూర్తిగా తగ్గలేదు. కానీ బ్యాండేజీ ఇప్పుడు పడుకునేటప్పుడే కడుతున్నాడు. ఆఫీసులో నేను రాసే కోడ్ ఎవరికి ఉపయోగపడుతుందో నాకెప్పుడూ కనిపించదు. ఇది మాత్రం నా కళ్ల ముందే కనిపించింది.