ట్యాబ్‌లో చూసిందీ, పుస్తకంలో చదివిందీ

నలుగురు ఆడవాళ్లం ఒకచోట చేరి పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటే ఇదివరకు ఫీజులు, ట్యూషన్లు, మార్కులు... ఇవే కబుర్లు. ఇప్పుడు వాటికి ఇంకొకటి తోడైంది. "మావాడు పుస్తకం ముట్టడం లేదండీ, అన్నీ ట్యాబ్‌లోనే ఉన్నాయంటాడు" అని ఒకావిడ వాపోతుంది. "మా పిల్లల బళ్లో నల్లబల్ల బదులు పెద్ద టీవీలాంటిది పెట్టారండీ, ఎంత బాగా అర్థమవుతోందో" అని ఇంకొకావిడ మురిసిపోతుంది. ఇద్దరి మాటా నిజమే. నేను చదివింది ఇంటర్మీడియట్, అదీ తెలుగు మీడియంలో సి.ఇ.సి. ఆపైన పెళ్లి, సంసారం. అయినా ఇద్దరు పిల్లల చదువు దగ్గర కూర్చున్న అనుభవంతో ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఈ మార్పు ఒక్కరోజులో వచ్చింది కాదు. 2017 సెప్టెంబర్ 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, 'దీక్ష' అనే డిజిటల్ పాఠాల ఏర్పాటును అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ప్రారంభించారు. ఆ తర్వాత పాఠ్యపుస్తకాల్లో పాఠం మొదట్లో నల్లగళ్ల చదరం ఒకటి కనబడసాగింది. అదే క్యూ.ఆర్. కోడ్. ఫోను దానిమీద పెడితే ఆ పాఠం వీడియో వస్తుంది. చాలా ఇళ్లల్లో పుస్తకానికి అట్ట వేస్తాం, పేరు రాస్తాం గానీ ఆ చదరం వంక చూడనే చూడం.

2020 మార్చిలో కరోనా వచ్చి బళ్లు మూతపడ్డాక గానీ మనందరికీ దీని సంగతి తెలిసిరాలేదు. ఆంధ్రలో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. తెలంగాణలో ఆ సెప్టెంబర్ నుంచి యాదగిరి, టి-శాట్ ఛానళ్లలో మొదలుపెట్టారు. మా ఇంట్లో అప్పటికి పెద్ద ఫోను ఒక్కటే. పొద్దున్నే అది మావారి జేబులో షాపుకి వెళ్లిపోయేది. అబ్బాయికి ఎనిమిది, అమ్మాయికి ఆరు. ఇద్దరికీ ఒకే సమయానికి ఆన్‌లైన్ క్లాసు పడిందంటే ఇంట్లో భారతయుద్ధమే. ఫోను ఉన్న పిల్లలకే చదువా, లేనివాళ్లకు లేదా అని అప్పుడే బాధేసింది. సాంకేతికం ఎంత గొప్పదైనా, అది అందరి చేతికీ అందకపోతే పిల్లల్లో కొత్త ఎక్కువతక్కువలు తెచ్చిపెడుతుంది.

2022 డిసెంబర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకూ, టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచారు. 2023 డిసెంబర్లో ఇంకోసారి ఇచ్చారు. మా అమ్మాయికి మొదటి విడతలోనే వచ్చింది. పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు కాబట్టి నెట్ లేకపోయినా నడిచేవి.

దాని గుణాలు ముందు చెప్పాలి. సూక్ష్మజీవుల పాఠం ఉంది. పుస్తకంలో నాలుగు బొమ్మలు, కింద పేర్లు, అంతే. ట్యాబ్‌లో అవి కదులుతూ, ఒకటి రెండవుతూ, రెండు నాలుగవుతూ కనిపించాయి. పాలు పెరుగు ఎలా అవుతాయో చూపించినప్పుడు నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పక్కనే కూర్చుని ఉన్నాను. ఇన్నేళ్లుగా తోడు పెడుతున్నాను గానీ, పాలు గోరువెచ్చగానే ఎందుకుండాలో నాకు ఆ రోజే తెలిసింది. మరీ వేడైతే తోడులో ఉన్న జీవులు చస్తాయి, మరీ చల్లగా ఉంటే పెరగవు. "ఓహో, చలికాలంలో పెరుగు తోడుకోకపోవడం నా చేతి గుణం కాదన్నమాట" అన్నాను. మా అమ్మాయి పడిపడి నవ్వింది.

ఇంకో సుగుణం కూడా ఉంది. టీచరు చెప్పింది అర్థం కాకపోతే మళ్లీ అడగడానికి ఆడపిల్లలు మరీ మొహమాటపడతారు. ట్యాబ్‌ని పదిసార్లు అడిగినా విసుక్కోదు. చూపు సరిగా ఆనని పిల్లలకు అక్షరాలు పెద్దవి చేసి చూపిస్తుంది, పాఠాన్ని చదివి వినిపిస్తుంది. పుస్తకాల సంచి బరువు పిల్లవాడి బరువులో పదోవంతుకు మించకూడదని 2020లో కేంద్రం చెప్పింది కదా, ఆ బరువు తగ్గించడానికి కూడా ఇది పనికొస్తుంది.

అయితే తొమ్మిదో తరగతిలో చిక్కు వచ్చిపడింది. రోజూ గంటన్నర ట్యాబ్ ముందు కూర్చునేది. ఏ పాఠం అడిగినా "చూశానమ్మా, అయిపోయింది" అనేది. తీరా పరీక్షలయ్యాక చూస్తే సైన్సులో సగం మార్కులు కూడా రాలేదు. మావారు కేకలేశారు. పిల్ల ఆ రాత్రి అన్నం తినలేదు. పక్కమీద చేరాక మెల్లిగా అడిగితే అప్పుడు చెప్పింది. "చూస్తుంటే అంతా తెలిసినట్టే ఉంటుందమ్మా. రాయబోతే ఒక్క ముక్కా రాదు. నేను మొద్దునేమో." పదమూడేళ్ల పిల్ల నోట ఆ మాట వినేసరికి నాకు కడుపులో దేవేసినట్టయింది.

మర్నాడు బడికి వెళ్లి వాళ్ల సైన్సు టీచరమ్మని కలిశాను. ఆవిడ తీసిపారెయ్యకుండా శ్రద్ధగా విన్నారు. "పిల్ల మొద్దు కాదండీ, చూడటాన్నే చదవడం అనుకుంటోంది. వీడియో ఇరవై నిమిషాలు చూడనివ్వండి. తర్వాత ట్యాబ్ మూసేసి, గుర్తున్నవి అయిదు మాటలు సొంతంగా రాయమనండి. రాకపోతే పుస్తకం తెరవమనండి" అన్నారు.

ఆలోచిస్తే ఇది మన వంటింట్లో ఉన్న సంగతే. ఆవకాయ పెట్టే వీడియో చూస్తున్నంతసేపూ ఇంతేకదా అనిపిస్తుంది. ముక్కలు కొట్టి పళ్లెంలో పోసుకున్నాక, ఆవపిండి ఎంత, కారం ఎంత, ఉప్పు ఎంత అని చెయ్యి ఆగిపోతుంది. అప్పుడు వెతుక్కునేది అమ్మ చేతిరాతతో ఉన్న పాత నోటుపుస్తకాన్నే. కలిపే తీరు వీడియోలో బాగా తెలుస్తుంది. కొలతలు కాగితంమీద ఉంటేనే భద్రం.

మా ఇంట్లో ఒక చిన్న పరీక్ష కూడా పెట్టాను. కణజాలాల పాఠంలో సమానంగా ఉన్న రెండు భాగాలు తీసుకుని, ఒకటి ట్యాబ్ తెరమీద, ఇంకొకటి పుస్తకంలో చదవమన్నాను. చూసింది కాదు, రెండూ చదివిందే. పుస్తకంలో చదివినదాంట్లో దారువు నీళ్లు మోస్తుందనీ, పోషక కణజాలం ఆహారాన్ని మోస్తుందనీ తడుముకోకుండా చెప్పింది. తెరమీద చదివినదాంట్లో ముందు వెనకలు కలగాపులగం చేసింది. ఒక్కపిల్లతో పెట్టిన పరీక్ష ఏం తేలుస్తుంది అంటారేమో. నార్వేలో 2013లో పదో తరగతి పిల్లలు 72 మందితో ఇలాగే చేసి చూశారు. కాగితంమీద చదివినవాళ్లకే ఎక్కువ అర్థమైంది. 2018లో స్పెయిన్, ఇజ్రాయెల్ పరిశోధకులు కలిసి, అంతకుముందు జరిగిన 54 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. లక్షా డెబ్భైవేలమంది చదువరుల లెక్క అది. సమాచారం ఉన్న పాఠాలకు కాగితమే మేలని తేలింది. టైము తక్కువున్నప్పుడు ఆ తేడా ఇంకా ఎక్కువ. కథలకు మాత్రం పెద్ద తేడా లేదట. అంటే మనవాళ్లు తెరమీద కథ చదువుకుంటే కంగారు లేదు, సైన్సు, సోషలు మాత్రం పుస్తకంలో చదవాలన్నమాట.

మనకంటే ఎంతో ముందుగా బళ్లల్లో కంప్యూటర్లు నింపుకున్న స్వీడన్ కూడా 2023లో అచ్చుపుస్తకాలు కొనడానికి బడులకు ప్రత్యేకంగా డబ్బు కేటాయించింది. చిన్నపిల్లలు చేత్తో రాయాలి, పుస్తకం చదవాలి అని మళ్లీ మొదటికొచ్చారు. అదే ఏడాది యునెస్కో కూడా సాంకేతికం పిల్లల మేలు కోసం వాడాలి గానీ టీచరు స్థానంలో పెట్టకూడదని నివేదికలో చెప్పింది.

మా వీధిలో ఒక అబ్బాయి ట్యాబ్ మెట్లమీద పడి అద్దం బద్దలైంది. బాగుచేయించడానికి డబ్బుల్లేక అటకెక్కించారు. పుస్తకం కిందపడితే దులిపి తీసుకుంటాం. తర్వాతి ఏడు పక్కింటి పిల్లకిస్తాం. కళ్లు మండటం, తలనొప్పి సరేసరి. పాఠం మధ్యలో ఆటలోకో సినిమా పాటలోకో వేలు జారిపోవడం ఇంకో బెడద.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించింది ఇంకొకటి ఉంది. పుస్తకం ఒళ్లో ఉంటే పిల్ల ఎక్కడుందో, ఎన్ని పేజీలు తిప్పిందో, ఎక్కడ పెన్సిల్ గీత పెట్టిందో తల్లికి కనిపిస్తుంది. మన ఆంధ్రా పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండటంవల్ల నాలాంటి తెలుగు మీడియం తల్లి కూడా తెలుగు పేజీ చూస్తూ ప్రశ్న అడగగలుగుతుంది. తెరమీద ఏం జరుగుతోందో పక్కన కూర్చుని చూస్తే తప్ప తెలియదు. దూరంనుంచి చూస్తే పాఠమైనా, ఆటైనా ఒక్కలాగే వెలుగుతుంది.

అప్పట్నుంచీ మా ఇంట్లో పద్ధతి మార్చాం. ట్యాబ్ గదిలో కాదు, హాల్లో అందరి మధ్యా. ముందు వీడియో, తర్వాత పుస్తకం, చివర్లో రాత. ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి ఇరవై అడుగుల దూరంలో ఉన్న వస్తువును ఇరవై సెకన్లు చూడాలి. మా అమ్మాయికి ఎదురింటి కొబ్బరిచెట్టు సరిగ్గా సరిపోయింది. పడుకునే ముందు గంటసేపు తెర జోలికి వెళ్లకూడదు. అంతేకాదు, ఆ రోజు నేర్చుకున్నది ఒక్కటైనా నాకు వంటింట్లో చెప్పాలి. నాకు అర్థమయ్యేలా చెప్పగలిగితే తనకు వచ్చినట్టే లెక్క. గుండె నాలుగు గదుల సంగతి పప్పుగిన్నె దించుతూ విన్నాను నేను. రక్తం ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళుతుందో ట్యాబ్ చూపించకపోతే దానికి తెలిసేది కాదు. రాసి చూసుకోకపోతే గుర్తుండేదీ కాదు.

2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసింది. సైన్సులో మంచి మార్కులే వచ్చాయి. "నేను మొద్దునేమో" అన్న పిల్ల ఇంటర్‌లో బై.పి.సి. తీసుకుంది.

ఇప్పుడు బళ్లల్లో తల్లిదండ్రుల సమావేశాలు పెడుతున్నారు కదా. ఈసారి వెళ్లినప్పుడు మార్కులు మాత్రమే అడిగి వచ్చేయకండి. పెద్ద తెర పెట్టి పాఠం వేశాక టీచరు మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతున్నారా, పిల్లలచేత రాయిస్తున్నారా, హోంవర్క్ ఎంత తెరమీద ఇస్తున్నారు, ఎంత పుస్తకంలో ఇస్తున్నారు అని అడగండి. మనం తక్కువ చదువుకున్నాం, మనకేం తెలుసని వెనక బెంచీలో కూర్చోవద్దు. రోజూ పిల్ల పక్కన కూర్చునేది మనమే. అడిగే హక్కు మనకు లేకపోతే ఇంకెవరికుంటుంది చెప్పండి!